ఉన్నతవిద్యకై ఆంగ్ల పదసంపాదనము

(వార్షిక మహాసభ రెండవనాటి విద్యాగోష్ఠియందు చేసిన ఉపన్యాసము)



ఈ గోష్ఠియందు ఒక అరగంటసేపు మాటలాడుమని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరిరి. అమెరికా దేశమున ఉన్నతవిద్య నభ్యసింపగోరి మన బాలబాలికలు వ్రాయుచున్న జి.ఆర్.ఇ. పరీక్షయందలి ఆంగ్లపదముల విషయమున మాటలాడెదమని మేము చెప్పగా, కార్యదర్శిగారు ఒక్క క్షణము మా ముఖమువంక చూచి, "పంతులుగారూ, తమరు సంస్కృత పండితులు కదా!" యనిరి. వారి సందేహము న్యాయమైనదే. ముప్పదినాలుగు సంవత్సరములు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలయందు తెలుగును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్న వారము మేము. ఆంగ్లమును ముప్పది యేండ్లు దాటిన పిమ్మట మొదలుపెట్టి, ఒక చేత శంకరనారాయణగారి నిఘంటువును, ఒక చేత హిందూ పత్రికను పట్టుకొని నేర్చుకొంటిమి. ఉచ్చారణ నేటికిని మాకు కుదరలేదు. అయినను ఈ విషయమున మాటలాడుటకు మాకొక అధికారము కలదు. అది పాండిత్యమువలన వచ్చినది కాదు. మేము చేసిన యొక పొరపాటువలన వచ్చినది. దానిని ముందుగా చెప్పివేసిన పిమ్మట గాని తక్కినది చెప్పుట ధర్మము కాదు.

2023వ సంవత్సరము వేసవిలో మా మేనకోడలి కుమార్తె, ఇంజనీరింగు పట్టము పుచ్చుకొన్నది, మా యింటికి వచ్చి, "తాతయ్యా, లెక్కల భాగమునకు నాకు భయము లేదు. ఆంగ్లపదములే కొరుకుడు పడకున్నవి. ఏమి చేయవలయును?" అని యడిగినది. దాని చేతిలో బారన్స్ వారి పుస్తకము పాతప్రతి యొకటి యున్నది. అందులో మూడువేల ఐదువందల పదముల పట్టిక కలదు. ఆ పట్టికను చూడగనే మాకు చిన్ననాటి అమరకోశము జ్ఞప్తికి వచ్చినది. తెల్లవారుజామున నాలుగు గంటలకు నాయనగారు లేపి, చల్లని గచ్చుమీద కూర్చుండబెట్టి, అర్థముతో పనిలేక వల్లెవేయించిన శ్లోకములు, తప్పిన ఘడియలో చెవికి దొరకిన మెలి, అన్నియు ఒక్కసారిగా తోచినవి. అంతట మేము ఉత్సాహముతో, "దీనికింత దిగులేల? మేము పదియేండ్లు నిండకమునుపే అమరము మూడు కాండములును కంఠస్థము చేసితిమి. నీవు దినమునకు ముప్పదియైదు పదముల చొప్పున నూరు దినములు వల్లెవేయుము" అని లెక్కకట్టి మరీ చెప్పితిమి.

ఆ పిల్ల బుద్ధిమంతురాలు. చెప్పినది చెప్పినట్లే చేసినది. తల్లి కాసులపేరు కుదువబెట్టి తండ్రి శిక్షణాలయమునకు రుసుము కట్టినాడు. పరీక్షరుసుము వేరుగ కట్టినాడు. ఆ పరీక్షరుసుమే ఇరువదివేల రూపాయలకు పైబడినది. సెప్టెంబరు మాసమున పరీక్ష యైనది, ఫలితము వచ్చినది. ఆ పరీక్షయందు భాషావిభాగమునకు మార్కులు 130 మొదలుకొని 170 వరకు వేయుదురు. ఏమియు రానివానికిని 130 తప్పదు. మా పిల్లకు వచ్చినవి 141. అనగా కంఠస్థము చేసిన మూడువేల ఐదువందల పదములకు ప్రతిఫలము పదునొకండు మార్కులు! దాని తండ్రి మమ్మేమియు ననలేదు. "మామయ్యగారూ, పిల్ల తలరాత" యని మాత్రము అనినాడు. ఆ మాట మాకు చాలకాలము నిద్ర పట్టనీయలేదు. తలరాత కాదు, మా సలహా యని మాకు తెలియును గనుక.

అటుపిమ్మట నొకనాడు పిల్లను ఎదుట కూర్చుండబెట్టుకొని పరీక్షించితిమి. పట్టిక వరుసలో అడిగినచో అర్థములు ధారాళముగ వచ్చుచున్నవి. నడుమ నుండి ఒక పదమును తీసి యడిగినచో కనులు మూసికొని, పెదవులు కదలించుచు, ఆ పుట మొదటినుండి వచ్చి గాని ఆ పదమును చేరలేకున్నది. మాకు నవ్వును ఏడుపును ఒకేమారు వచ్చినవి. ఏలయన, అమరములో ఏ పదమైనను అడిగినచో మేమును ఇప్పటికి అంతియే. శ్లోకము తల పట్టుకొని గాని నడుమునకు రాలేము. మా నాయనగారు ఆ దోషమును ఎరుగుదురు గనుకనే అమరము ముగిసిన మరునాడు రఘువంశము మొదలుపెట్టించిరి. కోశము కోశమే గాని భోజనము కాదు. గాదెలోని వడ్లు కావ్యమను రోటిలో పడిన పిమ్మటనే బియ్యమగును. ఆ రెండవ భాగమును మేము మరచి, మొదటి భాగమును మాత్రము పిల్లకు ఉపదేశించితిమి.

ఇంతకును ఈ పదముల పట్టికలు మన యిండ్లలోనికి ఎట్లు వచ్చినవో విచారింపవలయును. ఈ పరీక్షను 1936వ సంవత్సరమున కార్నెగీ సంస్థవారును, హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా విశ్వవిద్యాలయములవారును కలిసి ప్రారంభించిరి. 1948 నుండి ఇ.టి.ఎస్. అను సంస్థ దీనిని నడుపుచున్నది. 2011వ సంవత్సరము ఆగస్టు వరకు ఈ పరీక్షలో ఒక పదమును ఏకాకిగ నిలిపి, దానికి వ్యతిరేకార్థమును ఐదింటిలో నుండి ఏరుమని అడుగుచుండిరి. రెండు పదముల నడుమ నున్న సంబంధమును చూపి అట్టి సంబంధమే గల వేరు జంటను ఏరుమనుచుండిరి. ఆ కాలమున పట్టిక వల్లించిన వానికి కొంత లాభము కలుగుచుండెను. 2011 ఆగస్టులో ఆ రెండు విధముల ప్రశ్నలను తీసివేసిరి. ఇప్పుడు ఏ పదమును వాక్యమునుండి విడదీసి అడుగుట లేదు. పరీక్ష మారినది, పట్టిక మాత్రము అన్నగారి నుండి తమ్మునికి, తమ్ముని నుండి పొరుగింటి పిల్లకు చేతులు మారుచునేయున్నది. యజమాని యిల్లు ఖాళీచేసి పోయినను వెనుకటి చిరునామాకే ఉత్తరములు వ్రాయుట వంటిది ఇది.

ఇప్పటి స్వరూపము క్లుప్తముగ చెప్పెదము. 2023 సెప్టెంబరు 22వ తేదీనుండి పరీక్షను కుదించిరి. మొత్తము రెండు గంటలకు రెండు నిమిషములు తక్కువ. అందు భాషావిభాగము రెండు భాగములు: మొదట పండ్రెండు ప్రశ్నలకు పదునెనిమిది నిమిషములు, పిదప పదునైదు ప్రశ్నలకు ఇరువదిమూడు నిమిషములు. మొదటి భాగమున బాగుగ వ్రాసిన వారికి రెండవ భాగము కఠినముగ వచ్చును. కావున కష్టముగ నున్నదని నడుమ దిగులుపడరాదు. తప్పునకు మార్కు కోయరు. రమారమి సగము ప్రశ్నలు గద్యఖండములను చదివి అర్థము చేసికొనుటకు సంబంధించినవి. తక్కిన సగము ఖాళీలు పూరించుట. కొన్నిటిలో ఒకటి మొదలు మూడు వరకు ఖాళీలుండును. అన్నియు సరిపడినగాని మార్కు లేదు. మరికొన్నిటిలో ఒకే ఖాళీకి ఆరు పదములిచ్చి, వాక్యమునకు ఒకే భావము కలిగించు రెండింటిని ఏరుమందురు.

ఇది తెలిసికొన్న పిమ్మట మాకు ధైర్యము వచ్చినది. ఏలయన, వాక్యములో ఖాళీని పూరించు విద్య మన శాస్త్రములకు క్రొత్త కాదు. ఒక పదమునకు అర్థము ఎట్లు తెలియునని నైయాయికులు ఎనిమిది మార్గములను చెప్పిరి: వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివరణము, తెలిసిన పదము యొక్క సన్నిధి. ఎనిమిదింటిలో కోశము ఒకటి మాత్రమే యని గమనింపుడు! మనము మిగిలిన యేడింటిని త్రోసివేసి ఒక్కదానినే పట్టుకొన్నాము. వీనిలో వ్యవహారమే ప్రధానమని పెద్దల అభిప్రాయము. తాతగారు "ఆవును తీసికొని రమ్ము" అని చెప్పగా, తండ్రి పోయి ఆవును తెచ్చుటను చూచిన పసివాడు ఆవనగా నేమో, తెచ్చుట యనగా నేమో తెలిసికొనును. వానికెవ్వరు పట్టిక యిచ్చిరి? వాక్యశేషమును, తెలిసిన పదము సన్నిధియు ఈ పరీక్షకు నేరుగ పనికివచ్చు సాధనములు. ఖాళీకి ముందు వెనుకల నున్న మాటలే ఖాళీలో నుండవలసిన దానిని చూపును. వాక్యమునకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యని మూడు కావలయునని మనవారు చెప్పిన దానిలో మొదటిది ఇదియే. ఖాళీ యనగా అపూర్ణమైన ఆకాంక్ష. ముందుగ ఇచ్చిన పదములను చేతితో మూసిపెట్టి, వాక్యము ఏమి కోరుచున్నదో తన మాటలలో, తెలుగుననైనను సరియే, చెప్పుకొని, పిదప చేయి తీసి పదములను చూడవలయునని మేము పిల్లకు నియమము పెట్టితిమి.

ఇచ్చట మన పిల్లలకు ప్రత్యేకముగ వచ్చు చిక్కొకటి కలదు. దానిని కనిపెట్టుటకు మాకు మూడు వారములు పట్టినది. తెలుగున "ఐనను", "గాని" అను మాటలు ఉపవాక్యము చివర వచ్చును. "వాన కురిసినను పొలము తడియలేదు" అనునప్పుడు మలుపు మలుపుచోటనే కనబడును. ఆంగ్లమున "ఆల్దో" అను మాట వాక్యము మొగమునందే వచ్చి కూర్చుండును. దానిని చదివి, నాలుగు పంక్తుల పొడవున మనసులో మోసికొనిపోయి, విరామచిహ్నము దగ్గర వ్యతిరేకార్థమునకు సిద్ధపడవలయును. మన పిల్ల మూడవ పంక్తి చేరునప్పటికి దానిని జారవిడుచుచున్నది. కావున వాక్యములో చెప్పిన భావమునకు సరిగా విరుద్ధమైన పదమును ఏరుచున్నది. పదముల అర్థములు తెలియక కాదు! అట్లే "హార్డ్లీ", "ఫార్ ఫ్రమ్", "ఎనీథింగ్ బట్" అనునవి కనబడకుండ వాక్యమును తలక్రిందులు చేయునట్టివి. ఉదాహరణకు తెలుగునే చెప్పెదము: "ఆయన మితభాషి యని తొలుత అందరును తలంచిరి గాని, పరిచయమైన పిమ్మట చూడగా ___ యని తేలినది." ఈ ఖాళీలో వాచాలుడనునది తప్ప వేరు పడదని పసిపిల్లకు తెలియును. వాక్యమే చెప్పుచున్నది గనుక.

దీనికి మేము చేయించిన చికిత్స ఖండాన్వయము. కావ్యపాఠమున శ్లోకము చదివిన పిమ్మట క్రియను పట్టుకొని, ఎవ్వడు, దేనిని, దేనిచేత, ఎట్టివాడు అని ప్రశ్నించుచు ఒక్కొక్క పదమును లాగుట సంస్కృతము చదివిన వారికెల్లరకు అలవాటే. పత్రికలోని సంపాదకీయమున పొడుగాటి వాక్యమును తీసి పిల్లచేత అట్లే చేయించితిమి. మొదట ఒక వాక్యమునకు పావుగంట పట్టినది. రెండు మాసములకు అర నిమిషమునకు వచ్చినది. గద్యఖండములను చదువుటకును ఇదియే సాధనమైనది. ఇంతకన్న ఆ భాగమును గురించి చెప్పవలసినది లేదు.

ఇక పదముల మాట. సర్ విలియం జోన్సు 1786వ సంవత్సరమున కలకత్తాలో, సంస్కృత గ్రీకు లాటిను భాషలు ఒకే మూలము నుండి పుట్టినవై యుండవలయునని ప్రకటించిన సంగతి మీలో పలువురెరుగుదురు. ఆంగ్లమున కఠినమైనవని మనము భయపడు పదములలో పెక్కు లాటిను గ్రీకుల నుండి వచ్చినవే. కావున మన ధాతువులు తెలిసిన వానికి వానిలో చుట్టములు కనబడుదురు. మృ ధాతువునకు బంధువు "మారిబండ్". మన ముమూర్షువే వాడు. సద్ ధాతువు కూర్చుండుట. "సెడెంటరీ" యనగా కూర్చుండియే కాలము గడుపు తీరు. శ్రద్ధ యనుదానికి లాటినున గల బంధువు నుండి "క్రెడ్యులస్" వచ్చినది. ఏది చెప్పినను నమ్మువాడు. నామ శబ్దమునకు చుట్టము "ఇగ్నామినీ", మంచిపేరు పోవుట. "మాగ్నానిమస్" అను పదమున మహత్తును, ప్రాణము అను మాటలోని అన్ ధాతువునకు బంధువును ఒక్కచోట చేరినవి. దానిని మహాత్ముడని తెనిగించిన తప్పు లేదు. "పుసిలానిమస్" దానికి ఎదురు, ప్రాణము మిక్కిలి చిన్నదైన వాడు, పిరికివాడు. ఈ సంగతి చెప్పగనే పిల్ల ముఖము వికసించినది. "నాకు ఇంటర్మీడియేటున సంస్కృతములో నూటికి తొంబదియెనిమిది మార్కులు వచ్చినవి తాతయ్యా, ఈ ధాతువులు ఎన్నడును వినలేదు" అనినది. ఆ మార్కులు ఎట్లు వచ్చునో మీరెల్లరు ఎరిగినదే. మేము ఆ ప్రసంగములోనికి పోము. అచ్చతెలుగు మాటలకు ఈ చుట్టరికము లేదనియు, తెలుగు వేరు కుటుంబమునకు చెందినదనియు 1816లో ఎల్లిసు దొర నిరూపించిన మాటను కూడ పిల్లకు చెప్పితిమి. లేకున్న ఆ ఉత్సాహమున ప్రతి మాటకును చుట్టరికము కలుపుచుండెడిది.

అయితే ధాతువును నమ్మి మోసపోవుటయు కలదు. పంకమున పుట్టినవి కప్పలును నాచును కూడ. అయినను పంకజమనగా తామరయే. రూఢి ధాతువుకన్న బలీయము. మన భాషనే చూడుడు. సంస్కృతమున శిక్ష యనగా నేర్పుట. మన యొద్ద శిక్ష పడుట యనగా వేరు! ఆలస్యమనగా అచ్చట సోమరితనము, ఇచ్చట కాలయాపన. అనుమానము అచ్చట ప్రమాణము, ఇచ్చట సందేహము. ఆంగ్లమున ఇట్టివి వేలు. "ఎనర్వేట్" అను మాటను చూచి మా పిల్ల శక్తి నిచ్చుట యనుకొన్నది. నరములు తీసివేసి నీరసింపజేయుట దాని అర్థము. "నాయిసమ్" అనుదానికి చప్పుడుతో పని లేదు, దుర్గంధముతో పని. "డిస్‌ఇంటరెస్టెడ్" అనగా నిరుత్సాహి కాదు, పక్షపాతము లేనివాడు. ఇక "వాల్యుబుల్" అను పదమును తెలుగు లిపిలో వ్రాసికొని, విలువగలది యని చదివినది. అది అనర్గళముగ మాటలాడువాడను అర్థము గల వేరు పదము. తెలుగు లిపిలో పదములు వ్రాసికొను పిల్లలు ఈ విషయమున జాగ్రత్తపడవలయును.

అంతకన్నను ప్రమాదము తెలిసిన పదములవలన వచ్చును. అమరము తృతీయకాండమున నానార్థవర్గము కలదు. హరి శబ్దమునకు విష్ణువు, ఇంద్రుడు, సింహము, గుఱ్ఱము, కోతి, కప్ప మొదలుగా ఎన్ని అర్థములో! ఆంగ్లమునను అట్లే. మనకు "సాంక్షన్" అనగా బ్యాంకులో అప్పు మంజూరు. అదియే పరీక్షయందు దండనమను అర్థమున వచ్చును. "ఫ్లాగ్" అనగా జెండాయే కాదు, నీరసించుట కూడ. "వాంట్" అనగా కోరికయే కాదు, లేమి. "టెంపర్" అనగా కోపమే కాదు, తీవ్రతను తగ్గించుట. "క్వాలిఫైడ్" అనగా అర్హుడే కాదు. "క్వాలిఫైడ్" ప్రశంస యనగా కొంత తగ్గించి చేసిన ప్రశంస. పట్టికలో ఈ మాటలను పిల్లలు తెలిసినవేయని దాటిపోవుదురు. పరీక్షకులు అచ్చటనే వల పన్నుదురు.

పర్యాయపదముల విషయము మరియొక్కటి. ఆరు పదములలో రెండింటిని ఏరు ప్రశ్నయందు, ఒకే అర్థము గల రెండు పదములు కనబడగనే మన పిల్లలు సంతోషించి వానిని ఏరివేయుదురు. అవి వాక్యమున పొసగునా యని చూడరు. పరీక్షకులు అట్టి జంటను కావలెననియే పెట్టుదురు. మరియు పర్యాయములన్నియు సమానములు కావు. "కాలము చేసిరి", "పరమపదించిరి", "చనిపోయెను", "చచ్చెను" అను నాలుగింటికిని జరిగిన పని యొక్కటే. అయినను మన గురువుగారి విషయమున నాలుగవ దానిని వాడిన వానిని సభనుండి వెలివేయుదుము కదా! అట్లే "థ్రిఫ్టీ", "ఫ్రూగల్" అనునవి పొదుపరిని మెచ్చుకొను మాటలు. "పార్సిమోనియస్", "మైజర్లీ" యనునవి పిసినారిని నిందించు మాటలు. పట్టికలో నాలుగింటికిని ఎదుట "పొదుపు" అని యొక్కటే వ్రాసియున్నది. ఈ భేదము కోశమున దొరకదు. చదివిన వానికి తెలియును.

కంఠస్థము చేయుట బొత్తిగ వలదని మేము చెప్పుట లేదు. కొన్ని వందల పదములను జ్ఞాపకముంచుకొనక తప్పదు. జర్మను దేశస్థుడు ఎబ్బింగ్‌హౌస్ అనునతడు 1885వ సంవత్సరమున తన మీదనే ప్రయోగములు చేసి, నేర్చినది మొదటి గంటలలోనే త్వరగ జారిపోవుననియు, ఎడము ఎడముగ పునశ్చరణ చేసిన నిలుచుననియు చూపెను. 1972లో లైట్‌నర్ అనునతడు దానినుండి ఒక సులభోపాయమును ప్రచారము చేసెను. మేము దానిని మిఠాయి పెట్టెలతో చేయించితిమి. ఐదు ఖాళీ పెట్టెలు. చీటికి ఒకవైపు పదము, రెండవవైపు ఆ పదము పిల్లకు ఎదురుపడిన వాక్యము. అర్థము కాదు, వాక్యము! మొదటి పెట్టెలోని చీటీలను ప్రతిదినము, రెండవదానిని రెండు దినములకు, మూడవదానిని వారమునకు, అట్లు ఎడము పెంచుచు చూడవలయును. చెప్పగలిగిన చీటి తరువాతి పెట్టెకు పోవును. తప్పిన చీటి మరల మొదటి పెట్టెకు వచ్చును. ఇప్పుడు సెల్‌ఫోనులలోనే ఈ పని చేయు సాధనములు కలవని విద్యార్థులు చెప్పుదురు. సంతోషమే. కాని చీటిని స్వహస్తముతో వ్రాయునపుడు సగము పని యగుచున్నదని మా అనుభవము. వరుస మారుచుండుటవలన, పుట మొదటినుండి వచ్చు జాడ్యము దానంతటదియే వదలినది.

మరల చెప్పవలసిన దొకటి: పిల్ల ఈ మారు చేసిన చీటీలు ఏడువందలు కూడ లేవు. అన్నియు తాను చదివిన వ్యాసములలో ఎదురుపడినవే. దినమునకు రెండు గంటలు చదువు, అరగంట చీటీలు. 2024వ సంవత్సరము జులైలో రెండవమారు పరీక్ష వ్రాసినది. 153 వచ్చినవి. ఇది గొప్ప యని మేము చెప్పము. ఇంతకన్న మిక్కుటముగ తెచ్చుకొన్నవారు ఈ సభలోనే యున్నారు. కాసులపేరు ఇంకను విడిపింపబడలేదనియు చెప్పవలయును. పిల్ల 2025 ఆగస్టులో అమెరికా చేరినది. చేరిన విశ్వవిద్యాలయమువారు ఆ మార్కులు అడుగనేలేదు! 2020 తరువాత పెక్కు శాఖలు ఈ పరీక్ష నిబంధనను ఎత్తివేసినవి, లేక ఐచ్ఛికము చేసినవి. తండ్రి ఫోనులో, "అయితే అంత శ్రమ యెందుకమ్మా?" యని యడిగినాడట. "నాన్నా, ఇచ్చట వారమునకు ఆరు వ్యాసములు చదివి రమ్మనుచున్నారు. చదువగలుగుచున్నాను" అనినదట. తండ్రికి ఆ సమాధానము పూర్తిగ తృప్తి కలిగించినదో లేదో మాకు తెలియదు.

తల్లిదండ్రులకు రెండు మాటలు. రుసుము కట్టుటకు ముందు పిల్ల చేరదలచిన శాఖ ఈ పరీక్షను అడుగుచున్నదో లేదో ఆ శాఖవారి ప్రకటననుండియే తెలిసికొనుడు. మధ్యవర్తి మాట నమ్మకుడు. అడుగుచున్నచో, మార్కులు ఐదు సంవత్సరములు చెల్లును గనుక తొందరపడి, సిద్ధపడక వ్రాయింపకుడు. తప్పినచో ఇరువదియొక్క దినములు గడచిన పిమ్మట మరల వ్రాయవచ్చును గాని, ప్రతిమారును రుసుము రుసుమే.

ఇక మా అసలు మనవి. ఈ మహాసభ ముందునకు విద్యానిధి సంఘమువారు తెచ్చిన తీర్మానమొకటి కలదు. పరీక్షకు పోవు ప్రతి విద్యార్థికిని శిక్షణాలయ రుసుమును మన నిధినుండి చెల్లింపవలయునని దాని భావము. ఉద్దేశము మిక్కిలి శ్లాఘ్యము. అయినను మేము దానికి సవరణ ప్రతిపాదించుచున్నాము. అట్టి శిక్షణాలయమును నడుపుచున్న దాతయొకరు ఈ వేదికమీదనే ఆసీనులైయున్నారు. మన వసతిగృహమునకు రెండు గదులు కట్టించిన ఉదారులు. వారు మమ్ము క్షమింతురుగాక. లెక్కలకు శిక్షణము కావలయునేమో, మేమెరుగము. పదములకు మాత్రము కావలసినది చదువుటకు చోటు, చదువుటకు సామగ్రి, ప్రక్కన కూర్చుండి ప్రశ్నించు మనిషి. నలుగురు విద్యార్థుల రుసుముతో ఒక సంవత్సరమునకు రెండు ఆంగ్ల దినపత్రికలు, ఒక మంచి విజ్ఞానశాస్త్ర మాసపత్రిక, రెండు నిఘంటువులు, ఇ.టి.ఎస్. వారే ప్రకటించిన అభ్యాస గ్రంథము వచ్చును. ఇవి రుసుము కట్టగల వారికిని, కట్టలేని వారికిని సమానముగ ఉపకరించును. పెద్దలమాట సాగక తీర్మానము యథాతథముగ నెగ్గినను మాకు కోపము లేదు. ఆ రెండు పత్రికల చందా మాత్రము వేరుగ మంజూరు చేయుడని ప్రార్థించుచున్నాము.

వసతిగృహమున మేడమీది తూర్పుగది ఆరు మాసములుగ ఖాళీగ నున్నది. విరిగిన బల్లలను తీయించి రెండు దీపములు పెట్టించిన చాలును. గది తాళపుచెవి కార్యదర్శిగారి యొద్ద నున్నది. సభవారు ఏ నిర్ణయము చేసినను వచ్చు ఆదివారము ఉదయము ఆరు గంటలకు మేము అచ్చట నుందుము. వచ్చు విద్యార్థులు ఒక పాత పత్రికను, కొన్ని తెల్లచీటీలను, ఐదు ఖాళీ మిఠాయి పెట్టెలను తెచ్చుకొనవలయును.